మధ్యమావతి తరువాత

సంగీతం పిచ్చి, పిరికితనం రెండూ నాకు పుట్టుకతోనే వచ్చాయి. మొదటిదాని గురించి నేను నలుగురికీ చెప్పుకుంటాను. రెండోదాని గురించి మా ఆవిడ చెబుతుంది.

నాగర్‌కర్నూల్లో బస్సు కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ టికెట్ల సంచితో పాటు నా దగ్గర ఇంకో సంచి ఉండేది. అందులో చిన్న టేప్‌రికార్డరు, బ్యాటరీలు, కొన్ని క్యాసెట్లు. పాతకాలపు విద్వాంసులంటే నాకు ప్రాణం. ఒకాయన ముక్కుతో పాడతాడని లోకం వెక్కిరించేది. అయినా ఆయన తోడి ఎత్తుకుంటే నేను కంచం ముందు నుంచి లేచిపోయేవాణ్ణి. ఇంకొకాయన వయొలిన్ మీద ఒకే స్వరాన్ని అలా నిలబెడితే ఊపిరి తీసుకోవడం మరిచిపోయేవాణ్ణి. దీనికి తోడు ఒక చెడ్డ అలవాటు. మంచి చోటు రాగానే టేపు ఆపి, వెనక్కి తిప్పి, "ఇగో, ఈడ ఇను" అని పక్కవాళ్లకు మళ్లీ వినిపిస్తాను. అడిగినా అడగకపోయినా ఇంకోసారి కూడా వినిపిస్తాను. పెద్దమందడి దగ్గర మా అత్తగారి ఊళ్లో నేను సంచి విప్పితే చాలు, బావమరుదులకు ఎక్కడలేని పొలం పనులూ గుర్తొచ్చేవి.

ఆ క్యాసెట్లలో ఒకటి నా ప్రాణం మీదికి తెచ్చింది.

అంతకు కొన్నేళ్ల ముందు మా సొంతూరు గద్వాల కోటలో, గుడి ముందు ఒక కచేరీ జరిగింది. పాడిన పెద్దాయనకు డెబ్బై దాటాయి. నా చిన్నప్పుడు రేడియోలో విన్న గొంతు అది. ఎదురుగా కూర్చుని వింటానని కలలో కూడా అనుకోలేదు. ఆ హడావిడిలో టేప్‌రికార్డరు తెచ్చుకున్నాను గాని ఖాళీ క్యాసెట్టు మరిచిపోయాను. కోట బయట టీ బండివాణ్ణి బతిమాలితే తన దగ్గరున్న పాతదొకటి ఇచ్చాడు. మీద దేవుడి బొమ్మ, కింద భక్తి పాటలని అచ్చు. దాని మీదే ఎక్కించుకుందామని వేదిక పక్కనే కూలబడ్డాను.

కచేరీ చివరికొస్తుండగా కరెంటు పోయింది. మైకు మూగబోయింది. జనం లేవబోయారు. పెద్దాయన చెయ్యెత్తి కూర్చోమన్నాడు. మైకు లేకుండానే మధ్యమావతి అందుకున్నాడు. కచేరీలో తెలిసో తెలియకో దొర్లిన తప్పులన్నీ ఆ రాగంతో పోతాయని, అందుకే చివర్లో పాడతారని అంటారు. ఆ వయసులో ఆ గొంతు అంతమందిని దాటుకుని కోటగోడ దాకా ఎలా వెళ్లిందో నాకు ఇప్పటికీ తెలియదు. మెట్టు మెట్టుగా పైకి వెళ్లి, తారస్థాయి రిషభం మీద నిలబడి, మెల్లగా దిగి వచ్చి షడ్జం మీద ఆగాడు. మధ్యలో ఎవడో "ఆహా" అని అరిచాడు. ఆ అరిచిన బుద్ధిహీనుణ్ణి నేనే. అది కూడా టేపులో పడింది.

ఇంటికొచ్చి వింటే అసలు సంగతి బయటపడింది. పెద్దాయన షడ్జం మీద ఆగగానే 'టక్'మని ఒక చప్పుడు, వెంటనే ఒక ఆడగొంతు. వెనక డప్పు. అడవికి పోయిన అన్న గురించి పాట. ఒక చరణం కాగానే పదిమంది గొంతు కలిపి ఎర్రజెండాకు సలాం కొడతారు. దాంతో టేపు అయిపోతుంది. ఆ రోజుల్లో అడవిలోని అన్నల పాటలు దేవుడి బొమ్మల చాటునే ఊళ్లు తిరిగేవని విన్నాను గాని, నా ఇంటికే వస్తాయనుకోలేదు. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి కిటికీ మూసింది.

"గది చెరిపెయ్యి. కొరివితోని తల గోక్కుంటవా?" అంది.

చెరిపేసేవాణ్ణే. పిరికివాణ్ణని ముందే చెప్పాను కదా. కానీ ఇంకోసారి విన్నాక చెయ్యి రాలేదు. పెద్దాయన ఏ షడ్జం మీద ఆగాడో ఆమె సరిగ్గా అక్కడే ఎత్తుకుంది. ఎక్కడో కూర్చుని, ఎప్పుడో పాడిన పాట. ఆమెకు ఆయన ఎవరో తెలియదు, ఆయనకు ఆమె ఎవరో తెలియదు. హార్మోనియం ఉన్న భజన మిత్రుడి ఇంటికి వెళ్లి మెట్లు నొక్కి మరీ చూసుకున్నాను. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. స్వరాలూ మధ్యమావతివే. పెద్దాయన జీవితమంతా సాధన చేసి చేరుకున్న చోటికి ఆమె నాట్లు వేసి ఇంటికొస్తున్నట్టు వచ్చేసింది. అది చెరపడానికి నేనెవణ్ణి? క్యాసెట్టు అంచున చిన్న పలుకు ఉంటుంది. అది విరిచేస్తే మళ్లీ దాని మీద ఏదీ ఎక్కదు. మా ఆవిడ నాకు తెలియకుండా చెరిపేస్తుందేమోనని ఆ పలుకు విరిచేశాను.

అలాగని ఆమె పాట తీరిగ్గా విన్నది కూడా లేదు. పెద్దాయన దిగి వస్తుంటే లేచి కిటికీ మూసేవాణ్ణి. ఆమె ఎత్తుకోగానే శబ్దం తగ్గించి, వేలు మీట మీద పెట్టి, మొదటి పంక్తి కాగానే ఆపేసేవాణ్ణి.

రెండువేల తొలి సంవత్సరాలు అవి. నాకు నల్లమల అంచున ఉన్న ఒక ఊరికి నైట్ హాల్టు బస్సు పడింది. సాయంత్రం పోయి, అక్కడే పడుకుని, తెల్లారి తిరిగి రావాలి. ఆ దారిలో పోలీసులన్నా భయమే, అన్నలన్నా భయమే. ఫలానా ఊళ్లో ఒకణ్ణి తీసుకుపోయారని వినేవాళ్లం. ఎవరు తీసుకుపోయారని అడిగేవాళ్లం కాదు. బస్సులో చింతపండు మూటలతో ఎక్కే చెంచు ఆడవాళ్లు కూడా ఆ అడవి మలుపు దాటేదాకా మాట్లాడుకునేవాళ్లు కాదు.

మా డ్రైవరు నాకంటే పెద్దవాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. నా సంగీతం అతనికి చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

"తమ్మీ, గా డబ్బా ఇంట్ల పెట్టి రాపో. ఈ తొవ్వల పాటలతోని గూడ పరేషానే," అని ఎన్నోసార్లు అన్నాడు. విననిది నేనే. పాట లేకుండా ఆ ఊళ్లో నాకు నిద్ర పట్టేది కాదు.

ఒక రోజు పొద్దున తిరిగొస్తుంటే అడవి దిగేచోట కొత్తగా పెట్టిన పోలీసు చెక్‌పోస్టులో బస్సు ఆపారు. మూటలు విప్పారు, సంచులు దులిపారు. నా రెండో సంచి తెరిచిన కుర్ర కానిస్టేబుల్ క్యాసెట్లు చూసి, "లోపలికి నడువు, హెడ్డు సాబ్ పిలుస్తుండు," అన్నాడు. అప్పటికింకా ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకునే రకాన్ని నేను.

రేకుల గదిలో నడివయసు హెడ్ కానిస్టేబుల్ పేపరు పరుచుకుని పల్లికాయలు ఒలుచుకుంటున్నాడు. పక్కన వైర్‌లెస్ సెట్టు గరగరమంటోంది.

"ఏం పాటలివి?"

"సంగీతం సార్. కచేరీలు."

"అన్నిటి మీద దేవుని బొమ్మలే ఉంటయి. లోపల ఏమున్నదో ఇంటెనే గద తెలిసేది. బస్సులల్ల ఇసొంటివి పోతున్నయని ఖబర్ ఉన్నది మాకు." క్యాసెట్లన్నీ అటూ ఇటూ కదిలించి ఒకటి బయటికి తీశాడు. "ఇది పాతగున్నది. ఇది పెట్టు."

అదే. దేవుడి బొమ్మ నా వైపే చూస్తోంది. రాత్రి నేను ఎక్కడ ఆపానో టేపు అక్కడే ఉంది. మధ్యమావతి సగంలో. మీట నొక్కడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి.

పెద్దాయన పాడుతున్నాడు. ఆ రాగం అయిపోతుందని ఎన్నిసార్లు బాధపడ్డానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం అది అయిపోతే నేను కూడా అయిపోతానని అర్థమైంది. ఏ సంగతి తరువాత ఏ సంగతి వస్తుందో నాకు కంఠతా వచ్చు. ఆ రావడమే నన్ను చంపుతోంది. స్వామీ, ఆ పంచమం మీద ఇంకొంచెం ఉండు, తొందరపడకు అని లోపల మొక్కుకుంటున్నాను. ఆయన నా మాట వింటాడా? ఎప్పుడో పాడేసి వెళ్లిపోయాడు.

"ఆహా" అని టేపులోంచి అరుపు వినిపించింది. హెడ్డు ఒలవడం ఆపాడు.

"గా ఒర్రినోడెవడు?"

"నేనే సార్."

"పాట నడుమల ఎందుకు ఒర్రినవ్?"

"ఆగలేకపోయిన సార్."

నవ్వలేదు. ఇంకో కాయ తీసుకున్నాడు. పెద్దాయన తారస్థాయి రిషభం మీదికి వెళ్లాడు. ఇక దిగడమే మిగిలింది. బయట ప్రయాణికులు సణుగుతున్నారు. ఏం చేయాలో తోచక చేతులు తమ అలవాటు పని చేశాయి. టేపు ఆపి, వెనక్కి తిప్పాను.

"సార్, ఇగో, ఈడ ఇనుండ్రి. మైకు లేదు, ముసలాయన. ఊపిరి ఎట్ల పట్టిండో సూడుండ్రి."

విన్నాడు. మళ్లీ దిగే చోటు రాగానే మళ్లీ ఆపాను. "ఇంకొక్కసారి సార్, ఈ మలుపు." నా నోరు పెద్దాయనను పొగుడుతోంది, వేలు మాత్రం మీట వదలడం లేదు. మూడోసారి తిప్పేసరికి మా బావమరుదుల మొహంలో కనిపించేదే హెడ్డు మొహంలో కూడా కనిపించింది. బయట మా డ్రైవరు హారన్ కొట్టాడు. బతికాననుకున్నాను.

"గింత గొప్పదా ఇది?" అని అడిగాడు హెడ్డు.

"ఇసొంటిది ఇంకోటి లేదు సార్." ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"అయితె ఈడ ఉండనియ్. రాత్రి డ్యూటీకి నా డబ్బా తెచ్చుకొని నిమ్మలంగ ఇంట. మల్లొచ్చినప్పుడు తీస్కపో." క్యాసెట్టు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. ఇవ్వనంటే అనుమానం, ఇస్తే సాక్ష్యం. తేలు కుట్టిన దొంగలా బస్సెక్కి కూర్చున్నాను. ఆ రోజు ఎవరికి ఏ ఊరి టికెట్టు కొట్టానో నాకే తెలియదు.

ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది. "రేపు తలుపు కొట్టిన్రంటె నేనేం చెప్పాలె?" అని మాత్రం అడిగింది. ఆ రాత్రి నుంచి వీధిలో ఏ జీపు శబ్దం వినిపించినా ఇద్దరం లేచి కూర్చునేవాళ్లం. అది ముందుకు పోయాక కూడా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం కాదు. సెలవు పెడదామనుకున్నాను. పెడితే పారిపోయాడంటారని మా డ్రైవరన్న వద్దన్నాడు. హెడ్డు ఆ టేపు ఎస్సైకి వినిపిస్తున్నట్టు, నా "ఆహా" ఆ ఆడమనిషి పాటకే అన్నట్టు కల వచ్చేది. జీవితంలో మొదటిసారి ఇంట్లో పాట పెట్టకుండా రోజులు గడిచాయి.

మళ్లీ నా డ్యూటీ రానే వచ్చింది. పోయేటప్పుడు చెక్‌పోస్టులో హెడ్డు లేడు. తెల్లారి తిరిగొచ్చేటప్పుడు ఉన్నాడు. బస్సు ఆపి, తనే మెట్ల దాకా నడిచి వచ్చాడు. నేను రాడ్డు పట్టుకుని నిలబడ్డాను.

జేబులోంచి క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టాడు.

"ముసలాయన మంచిగ పాడిండు."

దాన్ని టికెట్ల సంచిలోకి తోసేశాను.

"ఆఖర్ల జర గరగర ఉండె. సాఫ్ చేసిన." ఆ మాట అంటున్నప్పుడు నా వైపు కాదు, అడవి వైపు చూస్తున్నాడు. తరువాత గొంతు తగ్గించి, "ఇసొంటివి సంచిల ఏసుకొని తిరగకు. అందరు నా లెక్క ఉండరు," అన్నాడు. "రైట్ రైట్" అని బస్సు పక్క చరిచి పంపించాడు.

దారిలో క్యాసెట్టు తిప్పి చూశాను. నేను విరిచిన పలుకు చోట, ఆ కన్నం మీద దవాఖానలో పుండుకు వేసే పట్టీ ముక్క అంటించి ఉంది. అలా మూస్తే మళ్లీ ఎక్కించుకోవచ్చు. అప్పుడు నాకు అర్థమైంది. కళ్లలోంచి నీళ్లు కారాయి. మా డ్రైవరన్న అద్దంలో చూసి, "ఏమైంది తమ్మీ?" అన్నాడు. ఏం కాలేదన్నాను.

ఇంటికొచ్చి తలుపు వేసుకుని పెట్టాను. కిటికీ మూయలేదు, మూయాల్సిన పని లేదు. పెద్దాయన రిషభం మీద నిలబడి, దిగి వచ్చి, షడ్జం మీద ఆగాడు. 'టక్'మంది. ఆ తరువాత ఎవరూ పాడలేదు. వైర్‌లెస్ సెట్టు దూరంగా గరగరమంది. పటుక్కున ఒక పల్లికాయ పగిలింది. కాసేపటికి ఇంకొకటి. టేపు అయిపోయేదాకా అదే. మా ఆవిడ చేతులు జోడించి, దేవుడి దగ్గర దీపం పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను మాత్రం టేప్‌రికార్డరు ముందు నుంచి లేవలేదు.

ఆ చెక్‌పోస్టు ఇప్పుడు లేదు. హెడ్డు ఎక్కడికి బదిలీ అయ్యాడో తెలియదు. నాకు ఒక్క థాంక్స్ చెప్పే ధైర్యం కూడా రాలేదు. ఆ మధ్యమావతి మొత్తం, ఊపిరి తీసుకునే చోట్లతో సహా, ఈ రోజుకూ పాడగలను. ఆమె పాటే రావడం లేదు. మొదటి పంక్తి కాగానే ఆపేసేవాణ్ణి కదా, మిగతాది నేనెప్పుడూ సరిగ్గా విననే లేదు. ఆ ఒక్క పంక్తైనా ఎత్తుకుందామని షడ్జం పట్టుకుని ఆగుతాను. నోరు తెరిచేలోగా చెవిలో పల్లికాయ పగులుతుంది.