చాపిన చెయ్యి

రైల్వే స్టేషన్ గేటు దగ్గర టికెట్లు వసూలు చేసే ఉద్యోగం నలభై దాటాక వదిలేసి, శౌరయ్య గవర్నర్‌పేటలో ఓ మేడ మీద టెన్త్ లెక్కల్లో తప్పినవాళ్లకు పాఠాలు చెబుతున్నాడు. వాళ్లను గట్టెక్కించాలనే వచ్చాడు, అది అబద్ధం కాదు. నల్లకోటు వదిలేశాడు గానీ ఆ చూపు వదల్లేదు. బెంచీ పక్కన నిలబడి మాట్లాడకుండా చెయ్యి చాపుతాడు. లెక్క చేసిన కాగితం అందుకుని, రెండు వైపులా తిప్పి, వెలుతురుకు పట్టి చూసి, చొక్కా జేబులో పెట్టేసుకుంటాడు. తిరిగివ్వడం అలవాటు లేదు. ఆయన దగ్గరికొస్తుంటే పిల్లలు టికెట్ లేని ప్రయాణికుల్లా కిటికీలోంచి బయటికి చూస్తారు.

మొన్న మార్తకు మొదటిసారి లెక్క సరిగ్గా వచ్చింది. కాగితం జేబులో పెట్టుకుంటూ, "ఎవరిది చూసి రాశావ్?" అన్నాడు.

"నేనే చేశానండి."

"పట్టుబడ్డాక అందరూ అదే అంటారు."

మార్త లేచి, ఆయన చేతిలోని సుద్దముక్క లాక్కుని, అదే లెక్క బోర్డు మీద మొదటినుంచి చేసింది. జవాబు కింద గీత గీసింది. ఆయన ఎదురుగా నిలబడి, మాట్లాడకుండా చెయ్యి చాపింది.

శౌరయ్య జేబు తడుముకున్నాడు. అందరి కాగితాలూ కలిసిపోయి ఉన్నాయి. బెంచీల మీద ఎవరూ కిటికీ వైపు చూడటం లేదు.