వదిన విన్న కన్నడం

స్పెయిన్ వీసా నా పాస్‌పోర్టులో ఉంది. ఫొటో నాది, సంతకం నాది. ఆ వీసా ఇప్పించిన ఉత్తరంలో మెచ్చుకున్న పని మాత్రం సగానికి పైగా మా వదినది. ఈ సంగతి మా ఇల్లు దాటి ఎవరికీ తెలియదు.

మా ఇల్లు తమిళనాడులో, ధర్మపురి పక్కన, హరూరు రోడ్డు మీద ఉంటుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో నేను చదివింది తమిళమే. తెలుగు అక్షరాలు ఈ ఉద్యోగం కోసం పాతికేళ్ళు దాటాక కూర్చుని నేర్చుకున్నాను. ఉద్యోగమంటే మరేం లేదు, వినడం. మనుషుల మాటలు కంప్యూటరుకు నేర్పే విదేశీ కంపెనీ ఒకటి మన వైపు జనం మాట్లాడుకున్న రికార్డింగులు పంపుతుంది. ఎవరు ఏమన్నారో విని, టైపు చేసి తిరిగి పంపాలి. ఏయే భాషలు వచ్చో మొదట్లో అడిగినప్పుడు తమిళం, తెలుగుతో పాటు కన్నడం కూడా రాసేశాను. మూడుంటే తప్పకుండా తీసుకుంటారని ఆశ. నాకు కన్నడంలో బస్సు బోర్డు చదవడం కూడా రాదు. వదిన ఉంది కదా అన్న ధైర్యం.

వదినది కర్ణాటక సరిహద్దు దగ్గర పల్లె. కన్నడం చుట్టుపక్కల వింటూ పెరిగింది. చదువు ప్లస్ టూతో ఆగింది. మొదట్లో నా పక్కన కూర్చుని విని చెప్పేది, నేను తంటాలు పడి రాసేదాన్ని. నా తంటాలు చూడలేక పుట్టింటి నుంచి ఒకటో తరగతి కన్నడ వాచకం తెప్పించుకుంది. రెండు నెలలు మధ్యాహ్నాలన్నీ ఆ పుస్తకంతోనే గడిపి, తానే టైపు చేయడం మొదలుపెట్టింది. చింతపండు రోజుల్లో తిన్నె మీద కూర్చుని, చిన్న సుత్తితో గింజలు కొడుతూ, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని వినేది. కష్టమైన చోట సుత్తి ఆగేది. ఒకేసారి నలుగురు అరుచుకున్నా ఎవరి మాట వాళ్ళకు విడదీసి పెట్టేది. ఇక్కడ ముసలామె నీళ్ళు తాగుతోంది, ఇక్కడ ఆవు మెడగంట, మాట కాదు, అని చివర్లో చిన్న చిన్న గమనికలు కూడా చేర్చేది. నేను వాటిని ఇంగ్లీషులో పెట్టి పంపేదాన్ని. ఇంత శ్రద్ధగా వినేవాళ్ళు మాకు ఇంకెవరూ లేరని కంపెనీ మేనేజరమ్మ ఒకసారి అంది. థాంక్యూ అన్నాను. లోపలికొచ్చి వదినతో, "మన పని బాగుందంట" అన్నాను. మన పని అట! ఎంత తెలివిగా కలిపేశానో.

ఆమె చేతికి ఇవ్వవలసిన డబ్బు నెలనెలా ఇస్తూనే ఉన్నాను. తప్పు అక్కడ లేదు. తప్పు ఒక సాయంత్రం మొదలైంది. పాలు పోసి వచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంటూ అడిగింది.

"పాపా, ఈ పని నా పేరు మీద ఇస్తారా వాళ్ళు? ఊరికే అడుగుతా ఉండాను."

"డిగ్రీ ఉండాల వదినా," అన్నాను.

అబద్ధం. కంపెనీ ఎవరినీ డిగ్రీ అడగదు. చెవులు బాగుంటే చాలు. అయినా ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! వదిన "సరేలే" అని దూడను విప్పడానికి వెళ్ళింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

తర్వాత నాకు స్పెయిన్ పిచ్చి పట్టింది. వేరే దేశం కంపెనీకి పనిచేసుకుంటూ అక్కడ ఉండడానికి ఆ దేశం వీసా ఇస్తుందని తెలిసింది. నాకు ముప్పై నాలుగేళ్ళు. పెళ్ళెప్పుడని అడిగేవాళ్ళకు జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఎవరూ ఏమీ అడగని వీధిలో ఒక్కదాన్నే నడవాలని కోరిక. అది తప్పని ఇప్పటికీ అనుకోను. దానికి కావలసిన ముఖ్యమైన కాగితం, మా కంపెనీ నా పని గురించి రాసిచ్చే ఉత్తరం.

ఆ ఉత్తరం గురించే మేనేజరమ్మ ఒక మధ్యాహ్నం వీడియో కాల్ చేసింది. ఇయర్‌ఫోను తిన్నె మీద వదిన దగ్గర ఉండిపోయింది. లేచి తెచ్చుకోవడానికి బద్ధకించి స్పీకరు పెట్టాను. ఉత్తరం సిద్ధంగా ఉందని, అందులో నా కన్నడం పని గురించి ప్రత్యేకంగా రాశానని చెప్పింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది. కన్నడం ఫైళ్ళు పెరుగుతున్నాయి, మీ వైపు ఇంకొకరు కావాలి, చదువుతో పనిలేదు, చిన్న పరీక్ష పెడతాం, మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

వదిన పరీక్ష రాస్తే అందులోనూ ముసలామె నీళ్ళు తాగుతుంది, ఆవు మెడగంట మోగుతుంది. ఈ నాలుగేళ్ళూ విన్నది ఎవరో మేనేజరమ్మకు ఒక్క పేజీలో తెలిసిపోతుంది. ఉత్తరం పోతుంది. వీసా పోతుంది.

ఇక్కడ అలాంటివాళ్ళు ఎవరూ లేరు అన్నాను, ఇంగ్లీషులో, గట్టిగా.

బయట సుత్తి చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. నాలుగేళ్ళుగా ఆమె చెవుల మీద బతుకుతూ, ఆ చెవులు గోడ అవతలే ఉన్నాయని మరిచిపోయాను. పని సూచనలన్నీ ఇంగ్లీషులోనే వస్తాయి. అంతమాత్రం ఇంగ్లీషు ఆమెకు ఎప్పుడో వచ్చేసింది.

వదిన ఏమీ అడగలేదు. అదే నన్ను కాల్చుకు తిన్నది. తిట్టినా బాగుండేది. అన్నకు చెప్పినా బాగుండేది. లారీ తోలే అన్న లోడు దించి తొప్పూరు కనుమ ఎక్కి ఇంటికొస్తే, మామూలుగా అన్నం పెట్టి మామూలుగా మాట్లాడింది. వీసా కోసం పోలీసు విచారణకు కానిస్టేబుల్ వచ్చినప్పుడు కాఫీ ఇచ్చింది కూడా ఆమే. నా గురించి అతను అడిగితే, మా పాప ఒకరి జోలికి పోదు సార్, అబద్ధం ఆడదు, అని తమిళంలో చెప్పింది. మనస్ఫూర్తిగా అందో, నాకు తగలాలని అందో తెలియలేదు. ఆమె మొహం చూడలేక కాఫీ గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను.

నిన్న కొరియర్‌లో పాస్‌పోర్టు వచ్చింది. వీసా కాగితం మీద వేలు పెట్టి నిమిరి, బాగుంది అంది వదిన. ఇక నా వల్ల కాలేదు.

"వదినా, ఆ పొద్దు కాల్లో నేను..."

"విన్నాను."

"భయమేసింది వదినా. అంతా పోతాదని."

"తెలుసు పాపా. నీ భయం నాకు తెలియదా?" పాస్‌పోర్టు మూసి నా చేతిలో పెట్టింది. "నన్ను ఒక్క మాట అడిగుంటే నేనే చెప్పేదాన్ని. నా పేరు ఇప్పుడు వద్దులే, నువ్వు పోయిరా అని నేనే అనేదాన్ని. ఆ మాట నన్ను అననియ్యలేదు నువ్వు."

ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఆమే ఓదార్చాలి, అది ఇంకా అన్యాయమని ఆపుకున్నాను.

"ఇప్పుడే మేనేజరమ్మకు రాస్తాను వదినా. అంతా రాసేస్తాను."

అని ఆమె వైపు చూశాను. వద్దంటుందని చూశానని ఒప్పుకోవాలి. వదిన వద్దనలేదు. రాయమనీ అనలేదు. చెంబు తీసుకుని పాలు పిండడానికి వెళ్ళింది.

ల్యాప్‌టాప్ తెరిచాను. మేనేజరమ్మ నుంచి కొత్త మెయిల్ వచ్చి ఉంది, రెండు కన్నడం ఫైళ్ళతో, ప్రయాణానికి ముందే కావాలట. కింద జవాబు రాసే చోట కర్సర్ కొట్టుకుంటూ ఉంది. చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాను. పెరట్లో చెంబులో పాలు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆ రెండు ఫైళ్ళూ వదిన ఫోనుకు పంపాను.