గద్దె రాయి

పోయిన వారం పలాసలో మా వీధి చివర గుడికి వెల్ల వేయడానికి తొట్టిలో గుల్ల సున్నం తడిపారు. నీళ్ళు పడగానే సున్నం బుసబుసమంటూ ఉడికింది. ఆ వేడి ఆవిరి ముక్కుకు తగిలి నా కాళ్ళు ఆగిపోయాయి. కూరల సంచీ పట్టుకుని ఆవిరి తగ్గేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ వాసన నాకు పరిచయం చేసిన మనిషి సింహాచలం. రాతిపని మేస్త్రి. వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డు ఊరు ఆయనది.

ఇప్పుడు ఆయన అంటున్నాను గానీ, ఆ రోజుల్లో నువ్వనే పిలిచేవాణ్ణి. ఒకప్పుడు టెక్కలి చుట్టుపక్కల కొన్ని ఊళ్ళ మీద మా వంశానికి అధికారం ఉండేది. నా కాలానికి మిగిలినవి ఇంటిపేరు, ఒక పల్లకీ బొంగు, ఊరి వెనక కొండ మీద పాడుబడిన కోట. నేను టెక్కలిలో ఒక కళాశాల గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే ఉద్యోగం చేసేవాణ్ణి. అయినా ఊళ్ళో ఎవరి అరుగు మీదా కూర్చునేవాణ్ణి కాదు. మా నాన్న కూర్చోలేదు, నేనూ కూర్చోలేదు.

ఆ కోట మా పూర్వీకులు కట్టించిందని ఇంట్లో అందరి నమ్మకం. కాగితమేదీ లేదు. సాక్ష్యమల్లా ఒక రాయి. కోట లోపల, బురుజు పక్కన, బండి చక్రమంత గుండ్రటి రాయి నేల మీద పడి ఉండేది. నడుమ పెద్ద కన్నం. అది మా వాళ్ళ గద్దె అనీ, ఆ కన్నంలో వెల్లగొడుగు కర్ర నిలబెట్టేవారనీ మా పెదనాన్న చెప్పేవారు. ప్రతి విజయదశమికీ ఇంటిల్లిపాదీ కొండెక్కి, ఆ రాతికి పసుపు రాసి బొట్టు పెట్టి దిగేవాళ్ళం. దాని మీద ఎవరూ కూర్చోకూడదు.

తొంభైల చివర ఒక వానాకాలంలో కోట వాకిలి ఒక పక్క కూలింది. అప్పటికి నేను కోటకు మా వంశం పేరుతో బోర్డు పెట్టించాలని పురావస్తు శాఖకు మూడేళ్ళుగా అర్జీలు రాస్తున్నాను. దసరా వెళ్ళిన మర్నాడు ఆఫీసరు వచ్చి చూస్తారని జవాబు వచ్చింది. కూలిన వాకిలి చూపించడం నాకు నామోషీ అనిపించింది. పాత కట్టడాల పని తెలిసినవాడని ఎవరో చెబితే సింహాచలాన్ని పిలిపించాను.

ఆయన మొదటిరోజు కొండెక్కి గోడలోంచి చిటికెడు సున్నం గీకి నాలుక మీద వేసుకున్నాడు. అరచేతిలో మిగిలిన పొడి నాకు చూపించాడు. అందులో తెల్లటి గవ్వ పెంకులు మెరుస్తున్నాయి. ఇది సముద్రం నుంచి ఎక్కింది బాబూ, మావోలే మోసుంటారు అన్నాడు. ఆ మాట నాకు రుచించలేదు. సిమెంటు వద్దనీ, అదే సున్నం కావాలనీ అన్నాడు. తర్వాత గుండ్రటి రాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కాసేపు దీని మీద కూర్చోవచ్చా అని అడిగాడు. మా ఇంటివాళ్ళే కూర్చోరు, నువ్వెవరని కసిరాను. తప్పయిపోయిందంటూ నేల మీద కూర్చుని అన్నం మూట విప్పుకున్నాడు.

మర్నాడు ఒక రోలు కొండ మీదికి మోయించాడు. సున్నం, ఇసుక అందులో పోసి రోజంతా దంచేవాడు. పొద్దు వాలేసరికి నాలుగైదు రాళ్ళకు సరిపడా సున్నం వచ్చేది. సెలవురోజు నేను వెళ్ళేసరికి చేతులు బొబ్బలెక్కి ఉండేవి. ఇంత నెమ్మదైతే దసరాకి సగం కూడా అవదని విసుక్కున్నాను. ఆయన రోకలి ఆపలేదు.

విజయదశమినాడు మా వాళ్ళంతా రాతికి బొట్టు పెట్టి దిగిపోయారు. నేను వెనకబడ్డాను. సింహాచలం తన తాపీకి బొట్టు పెట్టి గోడ మీద ఆనించి ఉంచాడు.

“రేపు ఆపీసరుగోరికి ఈ రాయి సూపించకండి బాబూ,” అన్నాడు.

ఎందుకని అడిగాను.

“గద్దె కాదది. సున్నం గానుగ సెక్రం. ఆయనకి తెలిసిపోతాది. నలుగురిలో మీకు సిన్నతనం.”

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన అంతా విని, కన్నంలో వేలు పెట్టి చూడమన్నాడు. గొడుగు కర్ర నిలబడి ఉంటే ఇంత నున్నగా అరగదు, ఇరుసు తిరిగిందన్నాడు. గునపం తీసుకుని రాయి పక్కన మట్టి తోడాడు. జానెడు లోతులో, రాళ్ళు పరిచిన గుండ్రటి కాలువ బయటపడింది. ఎద్దులు తిప్పితే ఈ చక్రం ఆ కాలువలో నిలువుగా దొర్లి సున్నాన్ని నలిపేదట. నేను గోరుతో పసుపు గీకాను. కింద తెల్లటి పెచ్చు. అందులో గవ్వ పెంకులు.

మొదటిరోజే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“మీరు బొట్టెట్టిన రాయి. నానేటి సెప్తాను?” అని తాపీ వైపు చూశాడు. “దసరాకి మేం దీనికి బొట్టెడతాం. మీవోలు గానుగకెట్టినారు. తప్పేటుంది? బొట్టు సరైన రాయికే పడింది బాబూ. పేరొక్కటే వేరే సెప్పుకున్నారు.”

గానుగ చక్రం పక్కనే పడి ఉందని తెలిసీ, మా మాట కోసం ఈ మనిషి అన్ని రోజులూ రోట్లో దంచాడు. ఆ సంగతి కొండ దిగుతుంటే అర్థమయింది.

మర్నాడు ఆఫీసరు వచ్చారు. వెనక ఊరు సగం వచ్చింది. పెదనాన్న జరీ కండువా వేసుకుని ముందు నడిచారు. రాయి ఏమిటని ఆఫీసరు అడిగితే పెదనాన్న నా వైపు చూశారు, చెప్పరా అన్నట్టు. సింహాచలం వాకిలి దగ్గరే ఆగి తల దించుకున్నాడు. ఏదో చెప్పి రాయి సంగతి దాటవేయడం నాకు కష్టం కాదు.

“సున్నం గానుగ చక్రమండీ,” అన్నాను. “ఇన్నాళ్ళూ మేం గద్దె అనుకున్నాం. నాకు ఈ మేస్త్రిగారు చెప్పారు.”

మరి కోట మీ వాళ్ళదనడానికి ఇంకేమైనా ఆధారముందా అని ఆయన మర్యాదగానే అడిగారు. లేదన్నాను.

పెదనాన్న నా దగ్గరికొచ్చి, “మీ నాన్న ఉంటే ఈ మాట నీ నోట వచ్చేదా?” అని దిగిపోయారు. ఆ తర్వాత ఆరేళ్ళు బతికారు. నాతో మాట్లాడలేదు.

వెనక ఎవరో, “అయితే ఇన్నేళ్ళూ రాజులు గానుగ మీద కూకున్నారా బావా?” అన్నారు. ఇంకొకడు, “కూకోనేదు, అందుకే ఆ నడుం వంగనేదు,” అన్నాడు. నవ్వులు నాకు వినపడాలనే నవ్వారు.

అందరూ వెళ్ళాక సింహాచలం రోలు ముందు కూర్చోబోయాడు. వద్దన్నాను. నలుగురు కూలీలను పిలిచి చక్రాన్ని నిలబెట్టించి, కాలువలో దింపించాను. కన్నంలో దూలం దూర్చారు. ఎటు తొయ్యాలో మీరు చెప్పండి అని నేనూ దూలం పట్టుకున్నాను. ఆ ‘మీరు’ ఆయన విన్నట్టే కనపడలేదు.

“సొక్కా యిప్పండి బాబూ. సున్నం పడితే గుడ్డ తినేత్తాది,” అన్నాడు.

వాకిలి పది రోజుల్లో లేచింది. రెండేళ్ళ తర్వాత బోర్డు వచ్చింది, మా పేరు లేకుండా. సింహాచలం ఉద్దానంలో చాలామందిలాగే కిడ్నీలు పాడై చనిపోయాడు. కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. వాళ్ళ ఊరు వెళ్ళి, వాళ్ళ అరుగు మీద కూర్చుని వచ్చాను.

ఇప్పటికీ విజయదశమికి కొండెక్కి ఆ రాతికి బొట్టు పెడతాను. చూడవచ్చినవాళ్ళు కోట కట్టించిందెవరని అడుగుతారు. పాత అలవాటు కొద్దీ నడుం నిటారవుతుంది. తెలీదని చెబుతాను. తర్వాత వాళ్ళను చక్రం దగ్గరికి తీసుకెళ్ళి, కన్నంలో వేలు పెట్టి చూడమంటాను.