అంచుల్లో ఆంటీ రాసిన మాటలు

ఆక్లాండ్‌లో తెలుగు పుస్తకం దొరకడం కష్టం. అందుకని చదివే అలవాటున్న మేము కొంతమందిమి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇండియా వెళ్లినవాళ్లెవరైనా సరే, సూట్‌కేసులో రెండు కిలోలు పుస్తకాలకి వదలాలి. పచ్చళ్లు తగ్గించుకుంటారో చీరలు తగ్గించుకుంటారో వాళ్లిష్టం. వచ్చిన పుస్తకం వంతులవారీగా ఇంటింటికీ తిరుగుతుంది, ఒక్కో ఇంట్లో ఒక నెల. ఆ తిప్పే పని నాది. హాబ్సన్‌విల్‌లో ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకుంటాను. శనివారాలు మాత్రం పుస్తకాల పోస్ట్‌మాన్‌ని.

ఇంకో నియమం కూడా ఉంది. అది పెట్టింది పాపటోయిటోయిలో ఉండే ఆంటీ. ఆవిడది అనంతపురం వైపు, అక్కడ హైస్కూల్లో చాలా ఏళ్లు తెలుగు టీచరుగా చేశారు. "ఊరికే చదివి ఇచ్చేస్తే ఏం లాభం? నచ్చితే నచ్చిందని, లేకుంటే ఎందుకు నచ్చలేదో పక్కన రాయల్ల. పెన్సిల్‌తోనే" అన్నారు. అప్పటినుంచి మా పుస్తకాల అంచుల్లో ఒకరి కింద ఒకరం పోట్లాడుకుంటూ వస్తున్నాం. నిజం చెప్పాలంటే నాకు పుస్తకాల కంటే ఆ పోట్లాటలే ఎక్కువ ఇష్టం. అందులో ఆంటీ రాతని ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. ఆవిడకి ఒళ్లు మండితే పెన్సిల్ ఎంత నొక్కి రాసేవారంటే, అక్షరాలు వెనక పేజీలో కూడా తేలేవి. మొనలు విరిగిన పెన్సిళ్లు వాళ్లింట్లో ఎప్పుడూ ఒక కప్పు నిండా ఉండేవి.

మొన్నామధ్య వచ్చిన పుస్తకం, ఈ క్షణంలో ఎలా బతకాలో నేర్పేది. జరిగిపోయింది తిరిగి రాదు, రేపు ఇంకా పుట్టలేదు, నీ చేతిలో ఉన్నది ఈ ఊపిరి ఒక్కటే అని మొదలుపెట్టి, రెండొందల పేజీలు అదే చెబుతుంది. మొదటి వంతు ఆంటీది. వంతు పూర్తయిన వారానికి ఆవిడ పోయారు. గుండె. పొద్దున బట్టలు ఆరేసి లోపలికొచ్చి కూర్చున్నారట, అంతే.

దినాలన్నీ అయిపోయాక అంకుల్ ఫోన్ చేశారు. "ఏమ్మా, పుస్తకం ఒకటి ఉండాది. తర్వాత నీ వంతని చీటీ పెట్టింది. వచ్చి తీసుకుపో" అన్నారు.

వెళ్లాను. పుస్తకం చేతిలో పెడితే నాకు తీసుకోబుద్ధి కాలేదు. "మీ దగ్గరే ఉంచుకోండి అంకుల్. ఆంటీ ఇందులో రాసే ఉంటారు" అన్నాను.

"రాసింటుంది. రాయకుండా ఎట్లుంటుంది? నాకిప్పుడు దాని అక్షరాలు చూసే ధైర్యం లేదమ్మా. మీరంతా చదవండి. ఆఖరి వంతు నాకియ్యి. ఏమి రాసిందో నేను చూడల్ల."

ఆయన అంతకుముందు మా పుస్తకం ఒక్కటి కూడా ముట్టుకోలేదు. ఎయిర్‌పోర్ట్ దగ్గర షిఫ్టుల్లో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. పుస్తకమే కాదు, అన్నం కూడా తీరిగ్గా తిని ఎరగరు. "నేను నెయ్యి గిన్నె తెచ్చేలోపల ఈయన చెయ్యి కడుక్కుంటాడు" అని ఆంటీ అందరి ముందూ ఆడిపోసుకునేవారు. అలాంటాయన ఒక పుస్తకం కోసం మూడు నెలలు ఆగుతానంటే, ఆ మాట నా మెడకి చుట్టుకుంది. ఎలాగైనా అది భద్రంగా ఆయన చేతికి చేరాలి.

నా వంతు మొదలైంది. రాసినాయన మీద నాకు ఇరవయ్యో పేజీకే చిరాకొచ్చింది. పర్మనెంట్ రెసిడెన్సీ కోసం ఎదురుచూసిన నాలుగేళ్లూ మా ఇంట్లో ప్రతి మాటా "పీఆర్ వచ్చాక" తోనే మొదలయ్యేది. పీఆర్ వచ్చాక సోఫా, పీఆర్ వచ్చాక కుక్కపిల్ల. గోడకి ఒక్క మేకు కొట్టలేదు. రేపు అనేది లేకపోతే మేం ఆ నాలుగేళ్లు దేన్ని పట్టుకుని బతికినట్టు? "రేపు లేదని మా మేనేజర్‌కి చెప్పి చూడండి" అని కసిగా రాశాను. కానీ కిందకి చూస్తే నా కంటే ముందే ఆంటీ అక్కడ ఉన్నారు. ఈ క్షణానికి ఏ లోటూ లేదని ఆయన రాసిన చోట, "ఇప్పుడు మినప్పప్పు నానబెట్టకపోతే రేప్పొద్దున తెలుస్తుంది లోటు" అని ఉంది. ఒక్కదాన్నే కూర్చుని పకపకా నవ్వాను. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ఇంకో చోట, పాత బాధని తలుచుకోవడం కూడా ఒక అలవాటేనన్న మాట పక్కన ఆవిడ "నిజం" అని ఒక్క మాట సన్నగా రాశారు. ఆవిడకి ఏ పాత బాధ? నాకు తెలియదు. అడగడానికి మనిషి లేదు. ఆ "నిజం" పక్కన నేనొక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకున్నాను.

తర్వాతి వంతు కరీంనగర్ తమ్ముడిది. స్టూడెంట్‌గా వచ్చి, ఇప్పుడు వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. నెల తిరక్కుండానే తెచ్చిచ్చాడు.

"ఏముందక్కా ఇండ్ల? ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కినంక మనసు పక్కకు పోయిందంటే ప్యాలెట్ కింద పడ్తది. గిదే ముచ్చట మాకు సేఫ్టీ ట్రైనింగ్‌ల ఒక్క పూటల చెప్పిండ్రు. ఈయన రెండొందల పేజీలు తీస్కున్నడు."

"మరి నచ్చలేదా?"

"నచ్చలేదని ఎవరన్నరు? కరెక్టే చెప్పిండు కద!"

నేను తలపట్టుకున్నాను. నాకు అబద్ధంలా కనిపించిందే అతనికి అందరికీ తెలిసిన విషయంలా కనిపించింది. ఇద్దరం చదివింది ఒకే కాపీ.

ఆ తర్వాత మనురేవాలో ఉండే అమ్మాయి. బట్టల షాపులో క్యాష్ కౌంటర్‌లో పనిచేస్తుంది, దైవభక్తి ఎక్కువ. ఆ అమ్మాయికి పుస్తకం తెగ నచ్చేసింది. "అక్కా, ఆదివారం సాయంత్రం అయ్యేసరికి నాకు కడుపులో దేవినట్టుండేదండి, రేపు మళ్లీ షాపని. ఇప్పుడది లేదు. ఆదివారం ఆదివారంలాగే ఉంటోంది" అని ఫోన్‌లో చెప్పింది. నాకు కొంచెం ఈర్ష్య కలిగింది. నాకు పని చేయని మందు ఆ అమ్మాయికి ఎలా పనిచేసిందో అర్థం కాలేదు. "సరే, శనివారం అంకుల్ దగ్గరికి వెళ్తున్నాం, నువ్వే పుస్తకం తీసుకుని రా" అన్నాను.

శనివారం మా కారెక్కగానే పుస్తకం నా ఒళ్లో పెట్టింది. స్కూలు పుస్తకంలా బ్రౌన్ పేపర్ అట్ట వేసి ఉంది. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. నేను మురిసిపోతూ తెరిచాను. లోపల అంచులన్నీ తెల్లగా ఉన్నాయి.

"రబ్బరుతో మొత్తం తుడిచేశానక్కా. మూడు సాయంత్రాలు పట్టింది" అంది ఆ అమ్మాయి, మెచ్చుకుంటానని నా మొహంలోకి చూస్తూ. "పుస్తకమంటే సరస్వతి కదండి. పాపం, ఆంటీ పోయిన ఇంటికి గీతలు పెట్టిన పుస్తకం ఎలా తీసుకెళ్తాం?"

నా నోటికి అదుపు తక్కువ. ఆ రోజు ఇంకా తక్కువైంది. నీకు బుద్ధుందా అన్నాను, ఇంకా చాలా అన్నాను. ఆ అమ్మాయికి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక మొహంలో నెత్తురు లేదు. "అవన్నీ మీ అందరి రాతలనుకున్నానక్కా. ఆంటీవని నాకెవరు చెప్పారు?" అంది. నిజమే. ఆ అమ్మాయి మాలో చేరింది ఆంటీ పోయాకే. ఆంటీ రాత ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు, అంచుల్లో రాసే నియమం గురించీ, అంకుల్ ఎందుకు ఎదురుచూస్తున్నారో కూడా నేను చెప్పలేదు. పుస్తకాలు తిప్పే మనిషిని నేనే కదా. మోటర్‌వే మీద వెనక్కి తిరిగి వెళ్లిపోదామని రెండు సార్లు అనిపించింది.

అంకుల్ మాకోసం ఉప్మా చేసి ఉంచారు. గుమ్మం పక్కన బకెట్ నిండా జామకాయల్లాంటి ఫీజోవా పళ్లు. పెరట్లో చెట్టు కింద రాలినవి ఏరి పెట్టారు. కరీంనగర్ తమ్ముడు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. అంకుల్ చేతులు కడుక్కుని, తువ్వాలుతో పొడిగా తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, పుస్తకం అందుకున్నారు. ఆ సన్నాహమంతా చూస్తుంటే నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది.

ఒక పేజీ తిప్పారు. ఇంకొకటి. కొన్ని పేజీలు ఒకేసారి తిప్పారు.

"యాడమ్మా? ఏమీ రాయలేదా?"

చెప్పేశాను. తప్పు నాదని మొదట చెప్పి, తర్వాత జరిగింది చెప్పాను. ఆ అమ్మాయి తలెత్తలేదు. అంకుల్ అట్ట మీద కుంకుమ బొట్టు వైపు చూస్తూ ఉండిపోయారు. నన్ను ఒక మాట తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు ఆ అమ్మాయే మొదలుపెట్టింది. "అంకుల్, నేను ఒక్కొక్కటీ చదివే తుడిచానండి. నాకు గుర్తున్నాయి. ముందు పేజీల్లోనే మినప్పప్పు గురించి ఉంది. రేపు ఇడ్లీ ఎవరు పెడతారని."

"ఇడ్లీ అని లేదు. నానబెట్టకపోతే లోటు తెలుస్తుందని ఉంది" అన్నాను.

"లోటు కాదక్కా, 'ఆకలి' అని రాసింది ఆంటీ. నేను మంచిగ సదివిన" అన్నాడు తమ్ముడు.

ముగ్గురం మూడు రకాలుగా చెప్పాం. అంకుల్ ఒక్కొక్కరి వైపు తిరిగి వింటున్నారు. "ఆకలి అని అనదు. అది వేరే వాళ్లు రాసింటారు" అని కొట్టిపారేశారు. చాలాసేపు అలాగే సాగింది. మాకు గుర్తున్నవి మేం చెప్పడం, ఆయన ఒప్పుకోవడమో తోసెయ్యడమో. "నిజం" గురించి చెప్పి, ఆంటీకి ఏమిటి ఆ పాత బాధ అని ధైర్యం చేసి అడిగాను. "ఉండె ఒకటి" అన్నారు. నేను రెట్టించలేదు.

మాట్లాడుతూనే ఆయన వేలు పేజీ అంచు మీద తిరుగుతోంది. ఒక చోట ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ అక్కడే ఆగింది. మెకానిక్ వేలు కదా. పుస్తకం ఎత్తి కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకున్నారు.

"ఇక్కడ నొక్కింది" అన్నారు.

అందరం లేచి ఆయన వెనక నిలబడ్డాం. సీసం పోయింది కానీ గాడి పోలేదు. ఆంటీ మెత్తగా మెచ్చుకున్నవన్నీ రబ్బరుకి పోయాయి. ఒళ్లు మండి రాసినవి కాగితంలో అలాగే ఉన్నాయి. వెలుగు పక్కనుంచి పడితే ఒక్కో అక్షరం లేస్తోంది. ఆ పేజీలో రాసినాయన భోజనం గురించి రాశాడు. ఒక ముద్ద తిన్నాక చేయి ఆపు, రుచి చూడు, పక్కన ఎవరున్నారో చూడు, తర్వాతే ఇంకో ముద్ద. నేను విసుక్కుని రెండు నిమిషాల్లో దాటేసిన పేజీ అది. దాని పక్కన, కాగితం చిరిగేంత గట్టిగా, "ఇది ఈయనకి చెప్పల్ల" అని ఉంది. కింద రెండు గీతలు.

అంకుల్ మొదట నవ్వారు. "నలభై ఏండ్లుగా చెప్తానే ఉండె. నేనే విన్లేదు. మళ్లా పుస్తకంలో కూడా రాసిందే!" అన్నారు. నవ్వుతూనే కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. ఆ అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆమె తల మీద చేయి వేసి, "ఊరుకో తల్లీ. తిట్లన్నీ మిగిల్చినావులే, నాకు గుర్తుండేది కూడా అవే" అన్నారు.

తర్వాత అందరికీ ఉప్మా వడ్డించి తనూ కూర్చున్నారు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, చెంచా ప్లేటు పక్కన దించారు. నిదానంగా నమిలారు. ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూశారు.

"పెన్సిల్ ఉందామ్మా?" అని నన్ను అడిగారు. "నా వంతు కదా."

బ్యాగ్‌లోంచి తీసిచ్చాను. ఆ గాడి కింద, ఆవిడ అక్షరాలకి తగలకుండా, చిన్నగా ఒక్క మాట రాశారు. నేను తలకిందులుగా చదివాను. "ఇంటాండా" అని ఉంది, వింటున్నానని. పెన్సిల్ పక్కన పెట్టి, చెంచా తీసుకుని, రెండో ముద్ద తిన్నారు.