పొత్తిగుడ్డలలో తూకపు రాయి

1949 జనవరి. నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగి నాలుగు నెలలు కావస్తున్నది. సికింద్రాబాదు మెట్టుగూడలో మిషన్ వారు నడిపే శిశు సంక్షేమ కేంద్రంలో నేను హెల్త్ విజిటరుగా చేరాను. హెల్త్ విజిటరు అంటే ఆసుపత్రి మంచాల మధ్య తిరిగే నర్సు కాదు. ప్రసవమై ఇంటికి వెళ్లిన తల్లినీ బిడ్డనూ ఏడాదిపాటు కనిపెట్టి ఉండవలసిన మనిషి. గురువారాల్లో తల్లులు మా దగ్గరికి వచ్చేవారు. మిగిలిన రోజుల్లో మేము వాళ్ల గడప తొక్కేవాళ్లం.

గుంటూరు కళాశాలలో చదివే రోజుల్లో ఒక వాదపోటీలో "మాతృత్వమే స్త్రీ జన్మకు పరమావధి" అన్న తీర్మానాన్ని సమర్థించి నేను ఒక వెండి కప్పు గెలిచాను. చీటీలో ఎదుటి పక్షం వచ్చి ఉంటే దానినీ అంతే నిష్ఠతో సమర్థించేదాన్ని. ఆ సంగతి అప్పట్లో నన్ను ఏమీ ఇబ్బంది పెట్టలేదు.

చేరిన మొదటి గురువారమే తల్లులకు నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పాత ప్రసంగాన్నే దులిపి చెప్పాను. "ప్రేమ నిండిన తల్లి దగ్గర పాలకు కరువుండదు" అన్న చోట వాక్యాన్ని కాస్త ఆపాను. చప్పట్లు ఎక్కడ పడతాయో నాకు తెలుసు. పడ్డాయి. ముందు వరుసలో కూర్చున్న రాజమ్మ కళ్లు తుడుచుకున్నది. ఆమెకు వీధి చివర కిరాణా దుకాణం ఉంది. పక్కనే ఉన్న కోడలు అండాళును మోచేత్తో పొడిచి, "ఇంటున్నవా? మా ఇంట్ల ఆడోళ్ల పాలంటే అమృతమే" అన్నది. అండాళు తల వంచుకున్నది. ఒళ్లో నెల నిండని కొడుకు. తొలి కాన్పు తల్లి బిడియం అనుకున్నాను.

ప్రసంగం తరువాత తూకాలు. బిడ్డను స్ప్రింగు త్రాసు పళ్లెంలో పడుకోబెట్టి, ముల్లు చూపిన బరువును వెయిట్ కార్డు మీద వేస్తాం. బిడ్డ తాగుతున్నాడా, ఎదుగుతున్నాడా అన్నది ఆ కార్డే చెప్పాలి. నియమం ప్రకారం ఒంటిమీద నూలుపోగు ఉండకూడదు. కాని అక్కడి తల్లులు ఒప్పుకొనేవారు కారు.

"పిల్లగాడేమన్న బెల్లమా, గిట్ల బరివాతల తక్కెట్ల ఏస్తరు? అందరి కండ్లు వడ్తయి," అని రాజమ్మే మొదటిరోజు అడ్డుపడింది. దిష్టి భయం ముందు మా నియమం ఎన్నడో ఓడిపోయి ఉన్నది. పొత్తిగుడ్డలతోనే తూచి, గుడ్డల కింద నాలుగు ఔన్సులు తగ్గించి వ్రాసుకోవడం కేంద్రంలో అలవాటు. నేనూ అలాగే వ్రాశాను.

మూడు వారాలు అండాళు బిడ్డ కార్డు చూసి తృప్తిపడ్డాను. గీత నెమ్మదిగానైనా పైకే పోతున్నది. నాలుగో గురువారం మా ఆయా సుందరమ్మ నా చెవి దగ్గరికి వంగింది. ఆమెకు చదువు రాదు, కార్డు మీద గీత పైకి పోతున్నదని మాత్రం తెలుసు. బిడ్డలను ఎత్తుకొని త్రాసులో పెట్టడం ఆమె పని.

"అమ్మా, జెర సూడున్రి. కార్డేమో లావైతున్నది, పోరడేమో సన్నవడ్తున్నడు."

నేను అప్పటిదాకా ముల్లునే చూశాను. అప్పుడు బిడ్డ ముఖం చూశాను. మాడు లోపలికి దిగింది. ఏడుపు లేదు. ఏడవడానికి కావలసిన శక్తి కూడా అయిపోయిన నిశ్శబ్దం అది. గుడ్డలు విప్పమన్నాను. అండాళు రెండు చేతులూ అడ్డం పెట్టింది. సుందరమ్మ ఆ చేతులను మెల్లగా తప్పించి, పొత్తిగుడ్డ కొస లాగింది. పళ్లెంలో ఠంగుమన్నది. పావుసేరు ఇనుప రాయి. దుకాణంలో పప్పులు తూచేది.

నేను అండాళును మాత్రం లోపలి గదిలోకి తీసుకువెళ్లాను. రాజమ్మ ఆ రోజు రాలేదు. రెండో గురువారం ఛటాకు రాయి, మూడో గురువారం దానికి రెట్టింపు నవటాకు, ఇప్పుడు పావుసేరు అని అండాళు చెప్పింది. రాళ్లు తిరిగి దుకాణంలో పెట్టేదాకా అత్త చూడకుండా జాగ్రత్తపడేదట.

"పాలు లేవని ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

ఆమె నా కళ్లలోకి చూడటం అదే మొదటిసారి. "మీరే జెప్పిన్రు గద నర్సమ్మా, ప్రేముంటే పాలుంటయని. నాకు పాలు లెవ్వు. మరి నాకు ప్రేమ లేనట్టే గద? గది నోటితోని ఎట్ల జెప్పాలె?"

నేను బిడ్డను నా ఒళ్లోకి తీసుకున్నాను.

"మరి ఏం పట్టిస్తున్నావు వాడికి?"

"ఎవ్వరు సూడనప్పుడు షక్కర్ నీళ్లు."

మా కేంద్రం డాక్టరమ్మగారు బిడ్డను చూసి, పై పాలు ఆ పూటే మొదలుకావాలని, ఇంకో వారం ఆలస్యమైతే తన చేతిలో ఏమీ ఉండదని చెప్పారు. ఆవుపాలు సగం, కాచిన నీళ్లు సగం. చెప్పడానికి అంత చిన్న సంగతి. కాని ఆ పాలు కాగవలసింది రాజమ్మ పొయ్యి మీద.

"మా అత్తకు చెప్పొద్దు," అని అండాళు నా చెయ్యి పట్టుకున్నది. "ఇంట్లకెల్లి ఎల్లగొట్టదు గని, ఇగ నన్ను తల్లి అనదు."

నేను వెంట వెళ్లాను. దుకాణంలో రాజమ్మ ఒక్కతే ఉన్నది. బేరాలు లేని మధ్యాహ్నం. నేను తర్కబద్ధంగా మొదలుపెట్టాను: పాలు దేహధర్మమని, ప్రేమకు కొలత కాదని, సెప్టెంబరులో పోలీసు చర్య గడబిడకు వాళ్లు ఊళ్లు పట్టుకు తిరిగిన రోజుల్లో ఆరో నెల చూలాలైన అండాళు జ్వరపడిందని, ఆ నీరసం ఇంకా తీరలేదని. రాజమ్మ అంతా విని నవ్వింది.

"పెండ్లి గాలె, పిల్లలు లెవ్వు. నాకు పాల ముచ్చట జెప్తున్నవా బిడ్డా? మొన్న ఒక తీరు జెప్తివి, గియాల ఒక తీరు జెప్తున్నవ్. ఏది నమ్మాలె?"

నన్ను అంత న్యాయంగా ఎవరూ ఓడించలేదు. ఎదురుగా దూలానికి వేలాడుతున్న పెద్ద తరాజు కనిపించింది.

"నన్ను నమ్మవద్దు అవ్వా," అన్నాను. "నీ తరాజును నమ్ము."

టెస్ట్ ఫీడ్ అని మాకు ఒక పద్ధతి ఉన్నది. పాలిచ్చే ముందు ఒకసారి, ఇచ్చిన తరువాత ఒకసారి బిడ్డను తూస్తాం. తేడా ఎంత ఉంటే తాగింది అంత. ఆ మాట వినగానే రాజమ్మ ముఖం మారింది. ఏళ్ల తరబడి తరాజు పట్టిన మనిషి. అందులో వాదం అక్కరలేదని ఆమెకు తెలుసు. లేచి తలుపు దగ్గరగా వేసింది. తానే పళ్లెం తుడిచి, మెత్తని గుడ్డ పరిచి, మనవణ్ణి పడుకోబెట్టింది. అవతలి పళ్లెంలో రాళ్లు పెట్టి, ముల్లు నిలిచేదాకా చిన్న రాళ్లు మార్చింది. అండాళు గోడవైపు తిరిగి బిడ్డను రొమ్ముకు పట్టుకున్నది. వాడు రొమ్ము వదిలేదాకా ఆగాం.

రాజమ్మ వాణ్ణి మళ్లీ పళ్లెంలో పెట్టింది. ముల్లు కదలలేదు. ఒక ఛటాకు రాయి తీసి చూసింది, మళ్లీ వేసింది. ముల్లు ఉన్నచోటికే వచ్చింది.

రాజమ్మ తరాజు గొలుసు పట్టుకొని అలాగే నిలబడింది. తరువాత మాట్లాడింది మాతో కాదు, ఆ పళ్లెంతో.

"నా పెద్దోడు సుత గిట్లనే ఏడుపు బంద్ జేసిండు. నలభై దినాలకు వోయిండు. దిష్టి దాకిందన్న. అందరికి గదే జెప్పిన. ఇగ నేను సుత గదే నమ్మిన."

పాలు అమృతమన్న ఆ మాటను ఆమె ఎన్ని ఏళ్లు మోసిందో, దాని కింద ఏమి దాచిందో అప్పుడు అర్థమైంది. కోడలు గుడ్డలో దాచిన రాయి కన్నా అది ఎన్నో రెట్లు బరువైనది. ఒకే ఇంట్లో, ఒకే సిగ్గుతో, ఇద్దరు తల్లులు ఒకరికొకరు అబద్ధం చెప్పుకుంటూ బ్రతికారు. ఆ అబద్ధానికి అలంకారాలు తొడిగి వేదిక మీద చప్పట్లు కొట్టించుకున్నదాన్ని నేను.

ఆమె అండాళును ఒక్క మాట అనలేదు. తలుపు బార్లా తీసి, వీధి అవతల ఆవులున్న ఇంటివైపు చూస్తూ, చుట్టుపక్కల గడపలన్నీ వినేంత గొంతుతో కేక వేసింది.

"ఓ మల్లమ్మా! మా కోడలికి పాలు వడలే. పోరనికి ఆవు పాలు గావాలె, జల్ది తే!"

నాలుగు తలుపుల్లోంచి ముఖాలు బయటికి వచ్చాయి. రాజమ్మ వాటివైపు చూసి, "ఏందీ సూస్తున్నరు? తల్లి మనిషే, ఊట బాయి గాదు," అన్నది.

నేను ఎన్నో సభలు చూశాను. అంత మాటను అంత నిబ్బరంగా పలికిన వక్తను చూడలేదు. లోపల అండాళు మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. కాసేపటికి, మొదటి చెంచా గొంతు దిగాక, సన్నగా బిడ్డ కూడా. ఆ ఏడుపు విని ముగ్గురమూ నవ్వాం.

మే నెలలో ఒక గురువారం రాజమ్మ మనవణ్ణి ఎత్తుకొని వచ్చింది. వరుసలో ఉన్న తల్లులందరి ముందూ వాడి ఒంటిమీద గుడ్డ ఊడదీసి పళ్లెంలో పడుకోబెట్టి, "రాసుకో నర్సమ్మా," అన్నది. అటుపై మా కేంద్రంలో గుడ్డలతో తూచమని పట్టుబట్టినవారు తక్కువ.

పాత కార్డును నేను కొట్టివేయలేదు. ఆ రెండు తప్పుడు అంకెలు అలాగే ఉంచాను. అవి అండాళు తప్పులు కావు, నావి. ఈ అయిదేళ్లలో మాతృత్వం గురించి మాట్లాడమని ఎన్నోసార్లు పిలిచారు. వెళుతూనే ఉన్నాను. కాని వేదిక ఎక్కే ముందు నన్ను నేను ఒకటి అడుగుతాను: ఈ మాట విన్నాక, ముందు వరుసలో తల వంచుకున్న తల్లి నాతో ఏ సంగతి చెప్పుకోలేకపోతుంది? అది తేలేదాకా నోరు విప్పను.