చుక్క కారని తట్టలు

బొడ్డమ్మ అల్లిన నీటి గూడ చుక్క కారేది కాదు. మోటార్లు రాకముందు, నీరు నిలిచే పల్లమైన మా తంపర పొలాలకు ఇద్దరు మనుషులు చెరో పక్క తాళ్ళు పట్టుకుని, వెదురు గూడతో నీళ్ళు తోడేవారు. నౌపడ నుంచి సంతబొమ్మాళి దాకా ఆ గూడలు బొడ్డమ్మ ఇంట్లో అల్లినవే. బద్దల్ని సందు లేకుండా బిగించి, మట్టీ పేడా కలిపి మెత్తి, ఆరాక పలాస నుంచి తెచ్చిన జీడి తొక్కల నూనె పూసేది. మోటార్లు వచ్చి గూడలు అటకెక్కాయి. ప్లాస్టిక్ వచ్చి తట్టలూ చాటలూ వాటి వెనకే ఎక్కాయి. మొగుడు పోయాడు, పిల్లలు పుట్టనే లేదు. ఆమె నోరు మాత్రం తగ్గలేదు. "నా గూడ సుక్క కారిందని ఒక్కడి సేత సెప్పించండి, ముక్కు కోసుకుంతాను" అనేది.

మా ఊరికి చలికాలంలో ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. కాదు, వచ్చేవి. చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసుకుని, ఎండలు ముదిరేలోగా ఎగిరిపోయేవి. వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లలంటాం. బాలింతలు బెదురుతారని దీపావళికి ఊళ్ళో ఒక్క టపాసు కాల్చేవాళ్ళం కాదు. రెట్టల కంపుకు ముక్కు మూసుకునేవాళ్ళమే గానీ పల్లెత్తు మాట అనేవాళ్ళం కాదు. బయటి నుంచి వచ్చినవాళ్ళకు ఇదంతా ముచ్చట, ఫొటోలు తీసుకునేవారు. బొడ్డమ్మకు ముచ్చట కాదు. మొదటి కొంగ వాలిన రోజున చెట్టు మొదట్లో పసుపునీళ్ళు చల్లి, "వొచ్చినారేటమ్మా" అని పలకరించేది. కడుపున పుట్టకపోయినా ఆ కొంగలే ఆమెకు కూతుళ్ళు.

తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ కూల్చినట్టే మా చింతల్నీ కూల్చింది. ఆ తరవాత వచ్చిన కొంగలు ఊరి మీద తిరిగి తిరిగి, వాలే చోటు లేక పోయేవి. అవి పోతుంటే బొడ్డమ్మ వీధిలో నిలబడి కళ్ళొత్తుకునేది. అప్పుడు టెక్కలిలో సైన్సు చెప్పే సూర్యకుమారి టీచరు మమ్మల్ని కొందరిని కూడగట్టింది. తంపర గట్టున మొక్కలు నాటాం. అవి చెట్లయ్యేదాకా ఎత్తయిన గడలు పాతి, వాటి మీద వెదురు తట్టలు కడదామన్నది టీచరు. సంఘమంటే తెలిసిందే కదా. గొయ్యి తవ్వేది ఇద్దరు ముగ్గురు, ఫొటోకు నిలబడేది అందరూ. నేను గట్టు మీద నిలబడి, అలా కాదు ఇలా అని చెప్పే రకం.

తట్టలు అల్లడానికి బొడ్డమ్మ తప్ప ఎవరున్నారు? అడగ్గానే చీర కొంగు దోపుకుని లేచింది. గూడ అల్లినట్టే బిగించి అల్లి, మట్టి మెత్తి, నూనె పూయడం మొదలుపెట్టింది. టీచరు చూసి ఆపబోయింది.

"సందులు వదిలి అల్లు బొడ్డమ్మా. పుల్లలు అవే తెచ్చుకుని పరుచుకుంటాయి."

"సందులొగ్గితే కిందనుంచి సలిగాలి కొడతాది టీచరమ్మా. బాలింతకి సలిగాలేటి?"

"మరి వాన పడితే?" అన్నాను నేను.

"దాని పిల్లల్ని అది రెక్కల కింద కప్పుకోదేటి బాబూ?"

"పోనీ అడుగున ఒక్క చిల్లయినా పెట్టు" అంది టీచరు.

బొడ్డమ్మ మొహం మాడిపోయింది. చేతిలో బద్ద కింద పెట్టేసింది. "మా ఇళ్ళల్లో సిల్లు తట్ట శవం ఎనకాల ఎల్తాది టీచరమ్మా. పురుటింట అదెట్టమంతావేటి?"

ఆ మాట తరవాత అశుభం ఎవరు నెత్తిన వేసుకుంటారు? సైన్సు చెప్పే టీచరే ఆ బద్ద తీసి బొడ్డమ్మ చేతికిచ్చింది.

ఆ ఏడు కొంగలు వాలాయి. పుల్లలు తెచ్చుకున్నాయి, గుడ్లు పెట్టాయి. బొడ్డమ్మ రోజూ గట్టుకు వెళ్ళి, తల పైకెత్తి మెడ నొప్పి పుట్టేదాకా చూసేది. గుడ్లు పిల్లలైన రోజున ఊరందరికీ బెల్లం పంచింది. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

మార్గశిరంలో వాయుగుండం పట్టింది. తెరిపి లేని వాన. వెలిశాక వెళ్ళి గడల మీంచి తట్టలు దించాం. మొదటి తట్ట వంచగానే భళ్ళున నీళ్ళు పడ్డాయి. నీళ్ళతో పాటు పిల్లలు పడ్డాయి, ఇంకా ఈకలు కూడా రాని పిల్లలు. రెండో తట్టా అంతే. అన్నీ అంతే. పెద్ద కొంగలు గట్టున నిలబడి చూస్తున్నాయి. వాటికి గొంతు ఉండదు, ముక్కులు టకటకలాడించడమే. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక గడను తన్నాను.

బొడ్డమ్మ మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఖాళీ తట్టను లోపలంతా వేళ్ళతో తడిమింది. వెలుగుకేసి ఎత్తి చూసింది.

"సుక్క కారనేదు" అంది.

"నీ తప్పు కాదు బొడ్డమ్మా" అంది టీచరు ఏడుస్తూ.

"మరెవులిది టీచరమ్మా?"

పిల్లల్ని ఆమే కొంగులో మూటగట్టుకుని, జీడితోట ఇసుకలో పూడ్చింది. మైల పట్టింది. ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

మరుసటి ఏడు కొంగలు ఊరి మీదుగానే పోయాయి, వాలలేదు. టీచరు బదిలీ మీద మందస వెళ్ళింది. మొక్కల్ని మేకలు తిన్నాయి. సంఘం వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు శుభోదయాలు తప్ప ఏమీ రావు. మొన్న దీపావళికి ఊళ్ళో టపాసులు పేలాయి. వద్దన్నవాళ్ళు లేరు.

ఈమధ్య జాలిపడి, తిప్పి కూడా చూడకుండా బొడ్డమ్మ దగ్గర ఒక తట్ట కొన్నాను. అందులో వడ్లు పోసుకుని మిల్లుకు వెళ్ళి చూస్తే సగమే ఉన్నాయి. అడుగున వేలు దూరేంత చిల్లు. చిరిగింది కాదు, చుట్టూ అంచు కట్టి నేర్పుగా అల్లింది. చిల్లు తట్ట ఇంట్లో ఉండకూడదని మా ఆవిడ వెంటనే తిప్పి పంపింది. తీసుకెళ్తే బొడ్డమ్మ గుమ్మం పక్కన అప్పటికే అలాంటివి గుట్టగా పడున్నాయి, అందరూ తెచ్చి పడేసినవే.

"ఇలా అల్లితే ఎవరు కొంటారు బొడ్డమ్మా?"

"ఎవులూ కొననేదు బాబూ."

తల ఎత్తకుండా చేతిలోని కొత్త తట్టకు అడుగున చోటు వదిలి, దాని చుట్టూ బద్ద తిప్పుతోంది.

"నీరు పోవాల గదా" అంది.