ఖలీల్ అడిగిన ఒకే ఒక్క సవరణ

నిన్న పొద్దున వాట్సాప్‌లో వచ్చింది. "ఖలీల్ సార్ నో మోర్."

నమ్మలేదు. ఫార్వర్డ్‌లు నమ్మే అలవాటు నాకు లేదు. నేరుగా ఖలీల్‌కే ఫోన్ చేశాను.

వాళ్ల బామ్మర్ది ఎత్తాడు. "హార్ట్ అటాక్ అన్నా. సొంతూరు జోగిపేటకు తీస్కపోతున్నం. జల్దీ రా."

వెంటనే జోగిపేటకు బయల్దేరాను.

మధ్యాహ్నానికి గ్రూపులన్నీ నివాళులే. "గొప్ప ఎకనమిస్ట్." "తీరని లోటు."

ఎవరయ్యా మీరంతా? కాంట్రాక్ట్ లెక్చరర్‌గా అన్నేళ్లు నలిగినప్పుడు ఒక్కరూ కనబడలేదే! పెద్ద ప్రొఫెసర్ ఒకాయన "మై డియర్ ఫ్రెండ్" అని కూడా రాశాడు. ఆ డియర్ ఫ్రెండ్ పెట్టిన మెయిల్‌కి జవాబు ఎందుకివ్వలేదు సార్?

అడిగి తీరతాను. కానీ ముందు నా సంగతి చెప్పాలి. ఇక్కడి కంపెనీల్లో కార్మికుల యూనియన్ లీడర్ని నేను.

ఖలీల్ సంగారెడ్డిలో ఎకనమిక్స్ చెప్పేవాడు. ఉండటం పటాన్‌చెరులో, కిరాయి ఇంట్లో. కొన్నేళ్ల కిందట చిట్కుల్‌లో ఆదివారాలు రూమ్ రూమ్ తిరిగి, ఫార్మా కంపెనీల ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్ల మీద ఒక సర్వే చేశాడు. ఒక ఆదివారం నేనూ వెంట వెళ్లాను.

ప్రశ్న సింపుల్. మధ్యాహ్నం ఎక్కి రాత్రి పదింటికి దిగే సెకండ్ షిఫ్ట్ చేస్తారా?

నర్సమ్మ అనే ఆమె బట్టలు పిండుతూనే చెప్పింది. "కంపెనీ బస్సు రూము కాడ దించితే ఎందుకు జెయ్యం సారూ? హైవే మీద దించి నడ్సిపొమ్మంటే ఎట్ల జేస్తం?"

"చెయ్యరన్నమాట" అన్నాను నేను.

"ఆమె గట్లన్నదా? నీ మీటింగ్ అనుకున్నవా భాయ్ ఇది?" అని కసిరి, ఆమె అన్నది అన్నట్టే రాసుకున్నాడు.

పోయినేడు ఆ సర్వే ఒక విదేశీ జర్నల్‌కెక్కింది.

ఎకనమిక్స్‌లో రివ్యూ వ్యాసాలు మాత్రమే వేసే జర్నల్ అది. కొత్త పరిశోధన ఏదీ ఉండదు. ఒక విషయం మీద ఇప్పటిదాకా ఎవరెవరు ఏం తేల్చారో ఒక పెద్దాయన చదివి సారం చెప్తాడు. లోకమంతా ఆ సారమే చదువుతుంది. అసలు కాగితం దాకా ఎవరూ పోరు.

అందులో మన ఏరియాకి ఒక్క వాక్యం దక్కింది. ఇక్కడి మహిళా కార్మికులు సెకండ్ షిఫ్ట్‌కు ఇష్టపడరట! ఆధారాల్లో ఖలీల్ పేరు. రాసింది ఆ "మై డియర్ ఫ్రెండ్" ప్రొఫెసరే.

నేను ఎగిరి గంతేశాను. కరపత్రం వేశాను. "ఆడవాళ్లకు సెకండ్ షిఫ్ట్ రద్దు చేయాలి, ఇంటర్నేషనల్ జర్నలే చెబుతోంది!" గేటు గేటుకూ పంచాను.

ఖలీల్ ఆ కరపత్రం పట్టుకుని వచ్చాడు.

"బస్సేది?"

"ఏ బస్సు?"

"నా రిపోర్టుల బస్సు ఉన్నది. దాన్ని సూసి పుస్తకం రాసినాయన బస్సును ఫుట్‌నోట్‌లకు దించిండు. పుస్తకం సూసి జర్నల్‌ల రాసిన ప్రొఫెసర్‌కు గా ఫుట్‌నోటే కనవడలే. ఇగ నువ్వు గేటు కాడ పంచుతున్నవ్."

ప్రొఫెసర్‌కీ, జర్నల్‌కీ సవరణ వేయమని మెయిల్ పెట్టానన్నాడు. కరపత్రం వెనక్కి తీసుకోమని నన్నడిగాడు.

తీసుకోలేదు. సవరణ వేస్తే మేనేజ్‌మెంట్‌కే లాభమని వాదించాను.

అదే వారం ఇస్నాపూర్‌లో ఒక కంపెనీ హెచ్ఆర్ మేనేజర్‌తో కూర్చుని చాయ్ తాగుతూ కనబడ్డాడు. ఇంకేం, నా బుర్ర పనిచేసింది. మర్నాడు నలుగురి ముందే అడిగాను. "ఎవరి మనిషివి నువ్వు? సాఫ్ చెప్పు."

కోపం తెచ్చుకోలేదు. "గా హెచ్ఆర్ ఓడు, నువ్వు, ఇద్దరూ ఒక్క వాక్యమే సదువుతున్నరు. ఆనికైతే బస్సు పెట్టే ఖర్చు తప్పుతది. నీకేం తప్పుతది భాయ్?"

అవే చివరి మాటలు. ఆ తర్వాత నేను ఫోన్ చేయలేదు.

నిన్న జోగిపేటలో, వాళ్లింటి ముందు నర్సమ్మ కనబడింది. చిట్కుల్ నుంచి వచ్చింది. ఎట్లా ఉన్నావంటే, పని పోయిందని చెప్పింది.

"మీ కాయితమే సూపెట్టిన్రు సారూ. 'మీ లీడర్లే వద్దంటున్నరు గదా' అని సెకండ్ షిఫ్ట్‌ల ఉన్న ఆడోళ్లందర్నీ బంద్ జేసిన్రు. పాపం గీ సారు ఒక్కడే బస్సు పెట్టుండ్రి, వీళ్లను తీస్కోండ్రి అని హెచ్ఆర్ సుట్టూ తిరిగిండు."

ఆ చాయ్ అందుకా! ఆడవాళ్లకు సెకండ్ షిఫ్ట్ ఆపారని విని, పగటి షిఫ్ట్‌కు మార్చారు, గెలిచాం అనుకున్నాను నేను.

జర్నల్ జవాబు కూడా నిన్ననే చూశాను. ఖలీల్ ఫోన్‌లో బామ్మర్ది చూపించాడు. సారాంశ వ్యాసంలో ప్రతి షరతూ ఇవ్వడం సాధ్యం కాదట. ఎవరి షరతులకు చోటుంటుందో, ఎవరివి ఎగిరిపోతాయో, ఎందుకో, అది కూడా అడుగుతాను.

కానీ జర్నల్‌ని అనుమానించాను, కంపెనీని అనుమానించాను, ఖలీల్‌ని సైతం అనుమానించాను. నాకు పనికొచ్చిన ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం అనుమానించలేదు.

వాళ్లు వేయని సవరణ ఇక్కడ నేను వేస్తున్నాను.

నా కరపత్రంలో రాసింది తప్పు. చిట్కుల్ ఆడవాళ్లు సెకండ్ షిఫ్ట్ "చేయం" అనలేదు. రూమ్ దాకా బస్సు పెడితే చేస్తామన్నారు. ఆ మాటను తొక్కేసి వాళ్ల పని పోగొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఈ పోస్ట్ హెచ్ఆర్‌లూ చదువుతారని తెలుసు. స్క్రీన్‌షాట్ తీసుకోండి. సోమవారం నర్సమ్మ వాళ్లతో కలిసి గేటు దగ్గరికి వస్తున్నాను. బస్సు అడగడానికి.

ఖలీల్ భాయ్, లేటైంది. మాఫ్ చెయ్.

ఇగ పరేషాన్ గాకు. నిమ్మళంగ పండుకో.